కొక్కెపు సూదితో కోడిపెట్ట: అల్లిక పాఠము, కూలి లెక్క

(వ్యవసాయాధికారి, వేములవాడ)



పత్తి చేలలో ఆఖరు ఏరుడు అయిపోయి, కట్టె పీకి, మరల తొలకరి వరకు నేల ఖాళీగా ఉండు నెలలు మన మెట్ట గ్రామాలలో ఆడవారికి కూలి సరిగా దొరకని నెలలు. బోరు కింద యాసంగి వరి ఉన్న ఇండ్లలో కొంత పని ఉండును. తక్కిన ఇండ్లలో ఉండదు. ఆ నెలలలో ఇంటి నీడన కూర్చుండి చేయదగిన చిన్న పని ఒకటి ఈ వ్యాసములో చెప్పబోవుచున్నాను. అది దారముతో అల్లి, దూది నింపి చేయు అలంకారపు కోడిపెట్ట బొమ్మ.

వ్యవసాయ శాఖ పత్రికలో బొమ్మకోడి సంగతి ఏమిటని కొందరు అనుకొనవచ్చును. నేనును మొదట అట్లే అనుకొంటిని. ఒకనాడు వేములవాడ సమీపమున ఒక రైతువేదికలో సభ జరుగుచుండగా, మా అక్క అల్లి ఇచ్చిన బొమ్మకోడిని బల్లమీద పెట్టితిని. ఒక పెద్దాయన దానిని చేతికి తీసుకొని, అటు ఇటు త్రిప్పి చూచి, "సారూ, ఇది గుడ్డు పెడ్తదా?" అని అడిగెను. అందరు నవ్విరి. వెనుక వరుసలోని ఒక ఆమె, "గుడ్డు పెట్టకపోతే పాయె, తౌడు అడగదు గదనే పెద్దయ్యా!" అని అందించినది. మరింత నవ్విరి. నవ్వులు ఆగిన పిమ్మట ఒక ముసలి అవ్వ మెల్లగా, "అది సరే గని బిడ్డా, ఒక్కదానికి ఎన్ని గంటలు పడ్తది? గంటకు ఎంత గిట్టుబాటైతది?" అని అడిగినది.

నా దగ్గర జవాబు లేదు. ఎకరము పత్తికి దున్నకము ఎంత, విత్తనము ఎంత, ఏరుడు కూలి ఎంత అని పైస పైస లెక్క చెప్పగల నేను, ఆ బొమ్మకు పట్టు గంటలు ఎన్నో చెప్పలేకపోతిని. ఇంటికి వచ్చి, మా అక్క దగ్గర కూర్చుండి, గడియారము ఎదుట పెట్టుకొని స్వయముగా నేర్చుకొంటిని. నా మొదటి కోడికి ఐదు గంటలు పట్టినది. అది ఒక పక్కకు ఒరిగి, జబ్బు చేసిన కోడివలె కూర్చున్నది. నాల్గవ కోడికి రెండున్నర గంటలు పట్టినది. చేయి తిరిగిన ఆడవారు రెండు గంటలలో ముగించుచున్నారు. ఆ అవ్వ అడిగిన ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. ముందు అల్లిక, తరువాత లెక్క చెప్పెదను. రెండవది లేనిదే మొదటిది నేర్చుకొనవద్దని నా మనవి.

ఈ అల్లిక ఎక్కడిది?

ఒకే ఒక కొక్కెపు సూదితో దారమును ఉచ్చులో ఉచ్చుగా లాగి అల్లు ఈ పనిని క్రోషియా అందురు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతములో దీనినే లేసు అల్లిక అందురు. అక్కడ 19వ శతాబ్దములో క్రైస్తవ మిషనరీలు దీనిని నేర్పగా, ఊరూర ఆడవారు అందిపుచ్చుకొనిరి. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. దూది నింపిన బొమ్మలను ఇదే కుట్టుతో అల్లు పద్ధతి జపాను దేశమునుండి లోకమంతట వ్యాపించినది. దానిని అక్కడ అమిగురుమి అందురు.

ఒక ముఖ్య విషయము గమనింపుడు. బట్టను మగ్గముమీద నేయవచ్చును, మరమగ్గముమీదను నేయవచ్చును. మన సిరిసిల్ల అందుకు సాక్ష్యము. కాని అసలైన క్రోషియా అల్లిక ఇంతవరకు చేతిపనియే. మరమగ్గము వలె గుట్టలు గుట్టలుగా తీయు యంత్రము దీనికి రాలేదు. కావున చేతితో అల్లిన క్రోషియా బొమ్మ అంగడిలో మరీ చౌకగా కనిపించినచో, ఆ చౌక ఏ యంత్రము వలననో వచ్చినది కాదు. అది ఎవరో ఒక స్త్రీ కూలినుండి కోసినది. ఈ మాటను మనసున ఉంచుకొని పాఠములోనికి పోదము.

కావలసిన వస్తువులు

1. మూడు మిల్లీమీటర్ల కొక్కెపు సూది ఒకటి.
2. ఒంటికి నడిమి లావు దారము సుమారు 15 గ్రాములు. తురాయికి ఎరుపు, ముక్కుకు పసుపు దారము కొద్దికొద్దిగా. మొత్తము 20 గ్రాములు మించదు.
3. పెద్ద కన్నము గల కుట్టుసూది ఒకటి.
4. కన్నులకు నల్ల దారము జానెడు.
5. లోపల నింపుటకు శుభ్రమైన దూది 15 నుండి 20 గ్రాములు.
6. కొలబద్ద, కత్తెర.

దారము ఊలు అయినను, నూలు అయినను పనికివచ్చును. నేతకు వాడు సన్నని నూలు దొరికినచో, నాలుగైదు పోగులు కలిపి ఒకే దారముగా అల్లవలెను. రంగు పోవు దారము కొనవద్దు. కొద్ది దారమును తడిపి తెల్లగుడ్డమీద రుద్ది చూచినచో తెలియును.

రంగులకు పుస్తకము అక్కరలేదు. మీ పెరటిలో తిరుగు పెట్టను చూడుడు. ఎర్రని డేగ రంగు, నల్లని కాకి రంగు, తెలుపు, బూడిద, ఏది కావలసిన అది అక్కడే ఉన్నది. పెరటికోడి రంగుతో ఉన్న బొమ్మ, చిలుక పచ్చ కోడికంటె చూచువారికి నచ్చును.

నేర్వవలసిన కుట్లు రెండే

గొలుసు కుట్టు: దారము కొసకు జారుముడి వేసి, ఆ ఉచ్చును సూదికి తగిలింపవలెను. దారమును సూది కొక్కెమునకు చుట్టి, ఉచ్చులోనుండి ఇవతలికి లాగవలెను. ఇది ఒక గొలుసు. మరల చుట్టి మరల లాగిన రెండవ గొలుసు. ఎడ్ల పలుపు పేనినట్లు చేయి ఒకే బిగువుతో నడువవలెను.

పొట్టి కుట్టు: సూదిని కింది కుట్టులోనికి దూర్చి, దారమును చుట్టి ఇవతలికి లాగవలెను. ఇప్పుడు సూదిమీద రెండు ఉచ్చులు ఉండును. మరల దారము చుట్టి ఆ రెండింటిలోనుండి ఒక్కసారిగా లాగవలెను. ఇది ఒక పొట్టి కుట్టు.

ఈ రెండు చేతికి పట్టు పడువరకు ఒక చిన్న పట్టీ అల్లి విప్పుచు అభ్యాసము చేయవలెను. అల్లిక గట్టిగా ఉండుట ముఖ్యము. పట్టీని వెలుతురుకు ఎత్తి పట్టినచో సందులు కనిపించరాదు. సందులు కనిపించినచో రేపు దూది వెలికి వచ్చును. అట్టివారు కొద్దిగా సన్న సూది వాడవలెను.

ఒంటిని అల్లుట

బొమ్మలు గుండ్రముగా అల్లు పద్ధతిలో కుట్లు పెంచుట, తగ్గించుట ఉండును. కొత్తవారు అక్కడ లెక్క తప్పి పని విడిచిపెట్టుదురు. ఈ కోడికి ఆ బాధ లేదు. ఇది ఒక తిన్నని పట్టీ. ఆ పట్టీనే శనగల పొట్లమువలె మడిచి కుట్టినచో కోడి అగును.

మొదట 41 గొలుసులు వేయవలెను. సూదివైపునుండి రెండవ గొలుసులో మొదటి పొట్టి కుట్టు వేసి, చివరివరకు గొలుసుకు ఒకటి చొప్పున వేసినచో 40 కుట్లు వచ్చును. వరుస చివర ఒక గొలుసు వేసి, అల్లికను త్రిప్పి, మరల 40 కుట్లు వేయవలెను. ఇట్లు పట్టీ 9 సెంటీమీటర్ల వెడల్పు వచ్చువరకు, అనగా సుమారు 18 నుండి 20 వరుసలు అల్లవలెను. పొడవు 20 సెంటీమీటర్లకు దగ్గరగా ఉండును. చేతి బిగువునుబట్టి కొంత హెచ్చుతగ్గు వచ్చినను చింత లేదు. పొడవులో సగమునకు కొంచెము తక్కువగా వెడల్పు ఉండవలెనని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ప్రతి వరుస చివర కుట్లు లెక్కింపవలెను. 40కి బదులు 39 వచ్చినచో అంచు కుట్టు ఒకటి తప్పిపోయినదన్న మాట. అప్పుడే విప్పి సరిదిద్దుకొనవలెను. నా మొదటి కోడి ఒరుగుటకు కారణము ఇదే. పన్నెండు వరుసలైన పిదప లెక్కింపగా 34 కుట్లే ఉన్నవి. సాలు వంకర పోయినప్పుడు రెండవ సాలులోనే దిద్దవలెను గాని చేను చివరకు పోయి వెనుదిరిగి చూచిన ఏమి లాభము?

మడిచి కుట్టుట

ఇది నిదానముగా చదువుడు. ముందు ఒక కాగితపు ముక్కతో చేసి చూచినచో సులభముగా బోధపడును.

మొదటి కుట్టు: పట్టీ యొక్క రెండు పొట్టి అంచులను, అనగా 9 సెంటీమీటర్ల అంచులను, ఒకదానితో ఒకటి చేర్చి కుట్టవలెను. ఇప్పుడు అది రెండు పక్కల తెరచి ఉన్న గొట్టము.

రెండవ కుట్టు: గొట్టమును బల్లమీద పరిచి, మొదటి కుట్టు గీత సరిగా నడుమకు వచ్చునట్లు చదును చేయవలెను. ఒక పక్క నోటిని అడ్డముగా కుట్టి మూయవలెను. ఇప్పుడు అది సంచి. ఈ కుట్టు కోడి రొమ్ము కింది అంచు అగును.

మూడవ కుట్టు: తెరచి ఉన్న నోటిని ఇందాకటి వలె అడ్డముగా కాక, దానికి ఎదురు దిక్కున మడవవలెను. అనగా మొదటి కుట్టు గీత ఇప్పుడు నోటికి ఒక కొసన రావలెను. ఆ కొస కోడి తోక. రెండవ కొస కోడి తల. ఈ అంచు తలనుండి తోక వరకు కోడి వీపు అగును. దూది నింపిన తరువాతనే దీనిని కుట్టవలెను.

ఇట్లు చేసినచో మూడు మూలలు నేలను ఆనుకొని, నాల్గవ మూల పైకి లేచి, గుడ్లపై పొదుగు పెట్టవలె సుమారు 8 సెంటీమీటర్ల ఎత్తున కూర్చుండును. మొదటి కుట్టు గీత కోడి అడుగు భాగములోనికి పోవుటవలన కంటికి కనపడదు.

ఏమి నింపవలెను, ఏమి నింపరాదు?

ఇచ్చట వ్యవసాయాధికారిగా కొన్ని మాటలు గట్టిగా చెప్పవలసి ఉన్నది.

పత్తి పండించు ఇంటిలో దూది కొననక్కరలేదు. ఏరిన పత్తిలో ఇంచుమించు మూడవ వంతు దూది, తక్కినది గింజ. 100 గ్రాముల పత్తినుండి గింజ తీసినచో 33 గ్రాముల వరకు దూది వచ్చును. అది సుమారు రెండు కోళ్ళకు సరిపోవును. మచ్చపడి ధర పలకని పత్తి ఈ పనికి చక్కగా పనికివచ్చును. అయితే ఆకు ముక్కలు, గింజలు లేకుండ ఏరి, రెండు దినములు ఎండలో వేసి, ఏకి, మెత్తగా చేసి నింపవలెను. గింజ ఉన్నచో ఎలుక కొరుకును, నూనె మరక పైకి తేలును. బూరుగు దూది దొరికినచో అదియు మంచిదే.

కోడి నిలుకడగా కూర్చుండుటకు అడుగున కొంత బరువు కావలెను. కొందరు జొన్నలు, బియ్యము, నూకలు పోయుదురు. అది తప్పు. ధాన్యములో ముక్కపురుగు పుట్టి, అల్లికను తొలిచి వెలికి వచ్చును. కొనినవారి ఇంటిలోని బియ్యమునకు కూడ పట్టును. ఒక్క బొమ్మలో పురుగు కనిపించినచో ఆ ఊరి బొమ్మలన్నిటికి చెడ్డపేరు వచ్చును. వాగులోని చిన్న గులకరాళ్ళు గుప్పెడు కడిగి, ఆరబెట్టి, చిన్న గుడ్డ మూటగా కుట్టి అడుగున పెట్టవలెను.

మరియొక హెచ్చరిక. పురుగుమందు సంచులు, మందు కట్టిన విత్తనాల సంచులు, ఆ మూటల దారము ఎంత గట్టిగా, ఎంత రంగుగా ఉన్నను ఈ పనికి తాకరాదు. పిల్లలు బొమ్మను నోట పెట్టుకొందురు. మిగిలిన విత్తన పత్తిగింజలను బరువు కొరకు లోపల పోయుట ప్రాణాపాయము.

నింపునప్పుడు మొదట మూలలను వేలితోనో, సూది వెనుక కొసతోనో నింపి, తరువాత నడిమి భాగము నింపవలెను. గట్టిగా కుక్కినచో కుట్లు విచ్చును. వదులుగా వదలినచో నాలుగు దినములకే కోడి చిక్కిపోవును.

తురాయి, ముక్కు, కన్నులు, రెక్కలు, తోక

తురాయి: ఎర్ర దారముతో ఆరు గొలుసులు వేసి, మొదటి గొలుసులో సూది దూర్చి బిగించిన చిన్న ఉంగరము వచ్చును. దారము తెంపకుండ అట్లే మూడు ఉంగరములు వరుసగా చేయవలెను. వీపు కుట్టు వేయునప్పుడు తల కొసన వీటిని అంచుల నడుమ పెట్టి కలిపి కుట్టవలెను.

తోక: ఒంటి రంగు దారముతోనే, ఉంగరమునకు పన్నెండు గొలుసుల చొప్పున మూడు ఉంగరములు చేసి, తోక కొసన అదే విధముగా కలిపి కుట్టవలెను.

ముక్కు: పసుపు దారముతో నాలుగు గొలుసులు వేసి, వానిలో మూడు పొట్టి కుట్లు, పై వరుసలో నడిమి కుట్టుమీద ఒక్క కుట్టు మాత్రమే వేయవలెను. చిన్న ముక్కోణము వచ్చును. దానిని నిలువున మడిచి, తల కొసకు కొద్దిగా దిగువన, రొమ్ము వైపున కుట్టవలెను. ముక్కు కింద వేలాడు ఎర్ర తోలుకు ఐదేసి గొలుసుల ఉంగరములు రెండు చాలును.

రెక్కలు: 8 గొలుసులు వేసి, 7 కుట్లు వేయవలెను. తరువాత ప్రతి వరుసలో చివరి కుట్టు విడిచిపెట్టుచు 6, 5, 4, 3, 2, 1 అని తగ్గించుకొని రావలెను. ఇట్టివి రెండు చేసి ఇరుప్రక్కల కుట్టవలెను.

కన్నులు: నల్ల దారముతో సూదిపోట్లు నాలుగైదు ఒకేచోట వేసి కుట్టవలెను. పూసలు, గుండీలు పెట్టవద్దు. అవి ఊడి పసిపిల్లల గొంతున అడ్డుపడును. రెండు కన్నులు ఒకే ఎత్తున ఉండవలెను. ఒకటి పైకి పోయినచో కోడి గ్రద్దను చూచినట్లుండును!

తరచు వచ్చు సందేహములు

అల్లిక ఒక కొసన ముడుచుకొనిపోవుచున్నది. ఎందువలన? మొదటి గొలుసులు మరీ బిగువుగా వేసినందువలన. మొదటి వరుసకు మాత్రము కొద్దిగా లావు సూది వాడవలెను.

కోడి ముందుకు తూలుచున్నది. ఏమి చేయవలెను? రాళ్ళ మూట ముందుకు జరిగినది. దానిని తోక వైపునకు జరిపి, అడుగు అల్లికకు రెండు కుట్లతో పట్టించవలెను.

మురికి అయినచో ఉతుకవచ్చునా? దూది నింపిన బొమ్మను నీటిలో ముంచినచో లోపల ఆరక బూజు పట్టును. తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టవలెను. ఈ సంగతి కొనువారికి కూడ చెప్పవలెను.

ఇక కూలి లెక్క

మొత్తము బొమ్మలో సుమారు 850 నుండి 900 కుట్లు ఉండును. నిమిషమునకు 12 కుట్లు వేయు చేతికి అల్లికకు గంటా పదిహేను నిమిషములు పట్టును. కుట్టుటకు, నింపుటకు, కన్ను ముక్కు దిద్దుటకు ముప్పావు గంట. కలిసి రెండు గంటలు.

ఇప్పుడు ఒక మాదిరి లెక్క వేయుదము. ఈ ధరలు ఉదాహరణకు మాత్రమే. మీ అంగడి ధరలు పెట్టి మీరు మరల వేసుకొనవలెను. దారము కిలో 600 రూపాయలు అనుకొన్నచో 20 గ్రాములకు 12 రూపాయలు. దూదికి 3 రూపాయలు. సూది అరుగుదల, సంచి, బస్సు చార్జీ వంతు 5 రూపాయలు. వస్తువుల ఖర్చు 20 రూపాయలు. గంటకు 40 రూపాయల కూలి కావలెననుకొన్నచో రెండు గంటలకు 80. బొమ్మ అసలు ఖరీదు 100 రూపాయలు.

ఇచ్చట ఒక వర్తకుడు వచ్చి, "బొమ్మకు 60 ఇస్తా, ఎన్ని చేసినా తీసుకుంటా" అనును. వినుటకు బాగుండును. 60లో వస్తువుల ఖర్చు 20 పోగా మిగులునది 40. రెండు గంటలకు 40 అనగా గంటకు 20. మీ ఊరిలో కలుపుకు, పత్తి ఏరుడుకు గంటకు ఎంత పడుచున్నదో దానితో పోల్చి చూచుకొని ఒప్పుకొనుడు, లేదా మానుడు.

"మేమే జాతరలో 100కు అమ్ముకొందుము" అని మీరు అనవచ్చును. మంచిదే. కాని అమ్ముటకు పట్టు సమయము కూడ పనియే. ఒక ఆమె ఎనిమిది గంటలు కూర్చుండి పది బొమ్మలు అమ్మినచో బొమ్మకు 48 నిమిషములు. అప్పుడు 80 రూపాయలు రెండు గంటల నలుబది ఎనిమిది నిమిషముల కూలి అగును. గంటకు 28 రూపాయల చిల్లర పడును. అదే పదిమంది కలిసి బొమ్మలు చేర్చి, ఒక్క ఆమెను కూర్చుండబెట్టగా ఆమె దినమునకు 40 అమ్మినచో, బొమ్మకు 12 నిమిషములే. గంటకు 36 రూపాయలు దాటును. సంఘముగా చేయుమని నేను చెప్పుటకు కారణము ఈ అంకెలే.

నరసాపురం నేర్పు పాఠము

నరసాపురం లేసు దేశదేశములకు పోయినది. పనితనములో లోపము లేదు. అయినను అల్లినవారి చేతికి వచ్చినది స్వల్పము. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ గ్రామాలలో పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకము ప్రకటించినది. దారము వర్తకుడు ఇచ్చును. ఒక ఆమె పువ్వులు అల్లును, మరియొక ఆమె అతుకును. దళారి తీసుకొనిపోవును. అల్లిన ఆమెకు కడపటి ధర తెలియదు. దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినను వ్యవసాయ కూలికంటె చాల తక్కువ దక్కుచున్నదని ఆమె చూపినది. దీనికి ముఖ్య కారణము ఏమనగా, ఆడవారు ఇంట కూర్చుండి తీరికవేళ చేసికొను పని అని అందరు అనుకొనుట. తీరిక పనికి కూలి ఎవరు లెక్కింతురు?

రైతు సోదరులారా, ఈ మాట మీకే చెప్పుచున్నాను. పొద్దున నీళ్ళు, వంట, పశువులు, పిల్లలు, చేను, మరల వంట అయిన తరువాత మిగిలిన వేళను తీరిక అనుట న్యాయమా? బొమ్మకు కావలసిన రెండు గంటలు ఎక్కడినుండియో రావలెను. నిద్రనుండి వచ్చినచో కన్నులు పోవును, నడుము పోవును. కావున ఇంటిలో ఈ పని మొదలుపెట్టినచో, ఆ రెండు గంటల ఇంటిపని మీరు కొంత అందుకొనవలెను. పశువులకు మేత, నీరు మీరు చూచినచో అరగంట కలిసివచ్చును. అల్లిక పగటి వెలుతురులోనే, అరగంటకు ఒకసారి లేచి చేయి విదిలించుకొనుచు చేయవలెను.

ఎక్కడ అమ్మవలెను?

2016 అక్టోబరునుండి మనది రాజన్న సిరిసిల్ల జిల్లా. వేములవాడ రాజన్న గుడికి సోమవారములలో జనము ఎక్కువ. మహాశివరాత్రికి జాతర. రెండేండ్లకొకసారి వచ్చు మేడారము జాతరకు పోవు భక్తులు ముందుగా రాజన్నను దర్శించి, కోడె మొక్కు చెల్లించి పోవుట ఆచారము. ఆ వేళ గుడి చుట్టు అంగళ్ళలో పిల్లలకు బొమ్మ కొనని తల్లి అరుదు. అయితే అక్కడ ప్లాస్టిక్ బొమ్మ ఇంతకంటె చౌకగా దొరకును. దానితో ధరలో పోటీపడవద్దు. మన ఉత్తర తెలంగాణలోనే నిర్మల్ పొనికి కర్ర బొమ్మలను జనము చౌక అని కొనుట లేదు, చేతిపని అని కొనుచున్నారు. మీ బొమ్మకు చిన్న చీటీ కట్టి, ఊరి పేరు, చేతి అల్లిక, మన పత్తి దూది అని వ్రాసినచో దాని విలువ కొనువారికి తెలియును.

ఒకేసారి పది కిలోల దారము కొనవద్దు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్లు కాగూడదు. మొదట సంఘమునకు ఇరువది బొమ్మలు చేసి, ఒక సోమవారము పెట్టి చూడుడు. ఏ రంగు పోయినది, ఏది మిగిలినది గమనించి తరువాత దారము కొనుడు.

గ్రామాధికారులకు మనవి

స్వయం సహాయక సంఘమునకు ఒక పుస్తకము పెట్టించుడు. అందులో ఆరు గడులు చాలును: పేరు, ఇచ్చిన దారము గ్రాములలో, పట్టిన గంటలు, ఇచ్చిన బొమ్మలు, అమ్మిన ధర, చేతికి ముట్టిన సొమ్ము. అమ్మిన ధర గడి అందరికి కనపడునట్లు ఉండవలెను. నరసాపురములో కనపడనిది ఆ ఒక్క గడియే. రైతువేదికలో నెలకొక పూట ఈ పని నేర్పుటకు చోటు ఇప్పించుడు. జాతర దినములలో సంఘమునకు నీడ గల చోటు ఒకటి చూపించినచో మీ మేలు మరువరు.

కడపటి మాట. ఈ కోడివలన ఇల్లు గడచునని నేను చెప్పుట లేదు. పత్తి ఏరు దినములలో, నాట్ల దినములలో కొక్కెపు సూది ముట్టవద్దు. ఆ దినములలో చేలోనే కూలి ఎక్కువ. పని లేని నెలలలో, సంఘముగా, లెక్క వ్రాసుకొని చేసినచో పిల్లల పుస్తకములకు, విత్తనము సంచికి కొంత ఆసరా అగును.

మొన్న ఆ ఊరికి మరల పోయినప్పుడు ఆ అవ్వను వెదకి, లెక్క వ్రాసిన కాగితము చదివి వినిపించితిని. ఆమె చివరివరకు విని, "గంటకు ఇరువై అయితే నేను అల్ల. ముప్పై ఆరు అయితే మా కోడలు, నేను కూసుంటం" అన్నది. ప్రతి ఇంటిలోను సూది పట్టుటకు ముందు ఈ మాట అనగలిగిననాడు, ఈ పాఠము పూర్తియైనట్లే.